కొబ్బరినీళ్ళు తాగించే ముందు...

ఆస్పత్రిలో ఉన్నవాళ్ళని చూడడానికి ఉత్త చేతులతో వెళ్ళే అలవాటు మనకి లేదు. ఓ కొబ్బరిబోండామో, బత్తాయి రసమో, అరడజను అరటిపళ్ళో పట్టుకెళ్తాం. "పాపం, నీరసంగా ఉన్నారు, రెండు గుక్కలు తాగించమ్మా" అని పక్కనున్నవాళ్ళూ అంటారు. ప్రేమతో ఇచ్చేదే, కాదనలేం. కానీ ఆ మనిషికి మూత్రపిండాల జబ్బు ఉంటే మాత్రం అది ప్రాణం మీదికి రావచ్చు. దానికి కారణం పొటాషియం.

మన కండరాలు, ముఖ్యంగా గుండె సరిగ్గా పనిచెయ్యాలంటే రక్తంలో పొటాషియం ఒక హద్దులో ఉండాలి. లీటరుకి 3.5 నుంచి 5 మిల్లీ ఈక్వివలెంట్ల దాకా ఉంటే మామూలే. రక్తపరీక్ష కాగితంలో సోడియం పక్కనే ఈ అంకె కనిపిస్తుంది. 6 దాటినా, 2.5 కన్నా తగ్గినా గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. చిక్కేమిటంటే, చాలామందిలో పైకి ఏమీ తెలీదు. కొందరికి కాళ్ళూ చేతులూ బరువెక్కి నీరసం, గుండెదడ వస్తాయి. మంచాన పడ్డ మనిషికి నీరసం కాక ఏముంటుందిలే అని మనం సరిపెట్టుకుంటాం.

ఎక్కువైతే

ఒంట్లో మిగిలిన పొటాషియాన్ని మూత్రపిండాలే బయటికి పంపుతాయి. అవి దెబ్బతింటే అది రక్తంలోనే పేరుకుపోతుంది. రామిప్రిల్, టెల్మిసార్టాన్, స్పైరనోలాక్టోన్ లాంటి బి.పి., గుండె మందులు కూడా దాన్ని పెంచవచ్చు. కొన్ని నొప్పి మాత్రలూ అంతే. వీటికితోడు ఒక గ్లాసు కొబ్బరినీళ్ళలో సుమారు 400 నుంచి 500 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎటు చూసినా కొబ్బరితోటలే, కిడ్నీ జబ్బూ అక్కడే ఎక్కువ. జబ్బు ముదిరినవాళ్ళు పెరట్లో కాయైనా డాక్టరుని అడిగే కొట్టించుకోవాలి.

బి.పి.కి మంచిదని కొనే సోడియం తక్కువ ఉప్పు విషయంలోనూ జాగ్రత్త. అందులో సోడియం తగ్గించి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. కిడ్నీ రోగులకి అది పనికిరాదు.

పొటాషియం బాగా పెరిగితే వార్డులో హడావిడి మొదలవుతుంది. ముందు ఇ.సి.జి. తీస్తారు. గుండెకి రక్షణగా కాల్షియం ఇంజక్షను ఇస్తారు. తర్వాత గ్లూకోజుతోపాటు ఇన్సులిన్ ఎక్కిస్తారు. "మా ఆయనకి షుగరే లేదు, ఇన్సులిన్ ఎందుకూ?" అని కంగారు పడకండి. రక్తంలోని పొటాషియాన్ని కణాల్లోకి నెట్టడానికే అది. షుగరు పడిపోకుండా మాటిమాటికీ వేలు గుచ్చి చూస్తారు. వీటితో లొంగకపోతే డయాలసిస్ అవసరం కావచ్చు. మళ్ళీ రక్తం తీస్తున్నారని విసుక్కోకండి. తీసేటప్పుడు రక్తకణాలు చితికినా అంకె ఎక్కువగా కనిపిస్తుంది, అందుకే ఇంకోసారి చూస్తారు.

తక్కువైతే

వాంతులు, విరేచనాలు బాగా అయినవాళ్ళకి, ఒంట్లో నీరు తగ్గడానికి ఫ్రూసమైడ్ లాంటి మందులు వాడేవాళ్ళకి పొటాషియం పడిపోతుంది. కండరాలు పట్టేస్తాయి, మలబద్ధకం చేస్తుంది, గుండెదడ వస్తుంది. వీళ్ళకి పొటాషియం సిరప్ ఇస్తారు. రుచి బాగుండదు నిజమే. అన్నం తిన్నాక, చెప్పినన్ని నీళ్ళలో కలిపి తాగించండి. ఇలాంటివాళ్ళకైతే డాక్టరు కొబ్బరినీళ్ళు తాగమనే చెప్పవచ్చు. అంతమాత్రాన సిరప్ మానేయకూడదు.

బాగా తగ్గితే సెలైన్‌లో కలిపి ఎక్కిస్తారు. మామూలు వార్డులో గంటకి 10 మిల్లీ ఈక్వివలెంట్లు మించకుండా, నిదానంగా ఎక్కించాల్సిన మందు అది. సీసా త్వరగా అయిపోతే నిద్రపోవచ్చు కదా అని గొట్టానికుండే చక్రాన్ని తిప్పేవాళ్ళుంటారు. దయచేసి ఆ పని మాత్రం చెయ్యకండి. ఒక్కసారిగా పొటాషియం వెళ్తే గుండె ఆగిపోవచ్చు. సూది ఉన్నచోట మంటగా ఉందంటే వెంటనే నర్సుని పిలవండి.

మనం చెయ్యాల్సినవి

* ఇంట్లో వాడుతున్న మందులన్నీ, నాటుమందులతో సహా, సంచీలో వేసుకెళ్ళి డాక్టరుకి చూపించండి.
* "పొటాషియం ఎంతుంది? పళ్ళు, రసాలు ఇవ్వొచ్చా?" అని రోజూ అడగండి. చూడవచ్చిన చుట్టాలకీ ఆ మాటే చెప్పండి.
* మూత్రం బాగా తగ్గినా, కాళ్ళు కదపలేకపోతున్నారన్నా, గుండె దడదడలాడుతోందన్నా తెల్లారేదాకా ఆగకండి.

ఇంటికొచ్చాక

పొటాషియం తగ్గించమని చెప్పినవాళ్ళకి బంగాళాదుంప, కంద, చేమ లాంటివి చెక్కు తీసి, చిన్న ముక్కలుగా తరిగి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోసి వండండి. కొంత పొటాషియం నీళ్ళలో పోతుంది, మొత్తం పోదు. అందుకని కూర కొద్దిగానే వడ్డించాలి. ఉడికిన నీళ్ళతో చారు పెట్టకండి. ఈ పథ్యం ఇంటిల్లిపాదికీ అక్కర్లేదు. పిల్లలకి, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి పళ్ళూ కూరలూ కడుపునిండా పెట్టండి.

రోగి పక్కన రాత్రీ పగలూ కూర్చునేది ఎక్కువగా మనమే. నర్సుని పదిసార్లు అడిగితే ఏమనుకుంటుందో అని మొహమాటపడకండి. అడిగాకే గ్లాసు చేతికివ్వండి.