ఉపగ్రహానికి మన మంట కనబడుతుంది, మన నష్టం కనబడదా?

కొయ్యకాలు తగలబెడితే ఆకాశంలోని ఉపగ్రహం పట్టేస్తోంది. పంజాబ్, హర్యానాల్లో ఏ రోజు ఎన్ని మంటలో లెక్క తీసి, రైతుల మీద జరిమానాలు వేస్తున్నారు, కేసులు పెడుతున్నారు. కాల్చడం మంచిదని మేము అనడం లేదు. కానీ పట్నం పొగ, చిమ్నీల పొగ మన చేల మీదికొచ్చి గింజను తినేస్తుంటే ఆ లెక్క తీసేదెవరు?

ఆ పొగ నుంచి పుట్టేదే ఓజోన్. పైన ఎక్కడో 15 నుంచి 35 కిలోమీటర్ల ఎత్తున ఉంటే మనకు గొడుగు. అదే వాయువు నేల దగ్గర పుడితే పైరుకు విషం. వాహనాలు, థర్మల్ కేంద్రాలు వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లు, పెట్రోలు ఆవిరి లాంటివి ఎండకు కలిసి ఇది తయారవుతుంది. నడి పట్నంలో కన్నా గాలివాటున ఉన్న పల్లెల్లోనే ఎక్కువ ఉండటం మామూలే. ఆకు రంధ్రాల్లోంచి లోపలికి దూరి ఆకును ముందే ముసలిదాన్ని చేస్తుంది. చుక్కలు పడతాయి, పసుపెక్కుతుంది, గింజ బరువు తగ్గుతుంది. మనం తెగులనుకుని దుకాణానికి పోతాం, అక్కడ ఏదో డబ్బా చేతిలో పెడతారు. గాలిలో ఉన్న రోగానికి డబ్బాలో మందు ఎక్కడుంటుంది?

ఇది సంఘం పుట్టించిన మాట కాదు. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ సంస్థ శాస్త్రవేత్తలు 2014లో అంచనా ప్రచురించారు. 2005 ఒక్క ఏడాదిలోనే ఓజోన్ వల్ల దేశం పోగొట్టుకున్నది సుమారు 35 లక్షల టన్నుల గోధుమలు, 21 లక్షల టన్నుల బియ్యం. పత్తికీ, సోయాకూ నష్టమే. ఆ అంచనా వచ్చి పదేళ్లు దాటింది. ఏ రైతుకు ఒక్క రూపాయి ముట్టింది?

ఫసల్ బీమా సంగతి చూడండి. కరువు, వరద, వడగళ్లు, తెగుళ్లు, తుపాను అన్నీ రాశారు, గాలి కాలుష్యం రాయలేదు. అంతకన్నా మోసం ఇంకొకటుంది. హామీ దిగుబడిని గడచిన ఏడేళ్లలో మంచి ఐదేళ్ల సగటుతో కడతారు. ఓజోన్ ఏటా కొంత కొంత తినేస్తుంది కాబట్టి ఆ సగటే కిందికి దిగుతుంది. దొంగ రోజూ పిడికెడు తీస్తే గరిసె మొదటి నుంచీ అంతేనని రాసుకున్నట్టు!

మరి ఉపగ్రహంతో కొలవలేరా అని మన కుర్రాళ్లు అడుగుతున్నారు. ఉపగ్రహం కొలిచే మొత్తం ఓజోన్‌లో పదింట తొమ్మిది పాళ్లు పైనున్నదే. నేల దగ్గరిది విడదీయడం కష్టం. అయితే దాన్ని పుట్టించే నైట్రోజన్ డయాక్సైడ్ బాగానే కనబడుతుంది. 2017లో యూరప్ వాళ్లు పంపిన సెంటినెల్-5పి దాన్ని ఐదారు కిలోమీటర్ల ముక్కలుగా రోజూ కొలుస్తోంది. ఆ లెక్కలు ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. దానికి తోడు నేల మీద కొలిచే యంత్రం కావాలి, అవేమో ఎక్కువగా నగరాల్లోనే ఉన్నాయి.

నేల యంత్రం ఎందుకంటే అంటార్కిటికా సంగతి గుర్తు చేసుకోవాలి. అక్కడ ఓజోన్ పలచబడిందని 1985లో బయటపెట్టింది హాలీ బే స్థావరంలో నేల మీది పరికరంతో కొలిచిన ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ అనే ముగ్గురు బ్రిటిష్ శాస్త్రవేత్తలు. నింబస్-7 ఉపగ్రహం 1978 నుంచీ పైనే తిరుగుతోంది. మరీ తక్కువగా వచ్చిన అంకెలను దాని కంప్యూటరు అనుమానాస్పదమని పక్కన పెట్టింది. మళ్లీ తిరగేస్తే అవే నిజమని తేలింది. మన పంట కోత ప్రయోగాల్లో తక్కువ దిగుబడి వస్తే అనుమానించే అధికారులకు ఇది చదివి వినిపించాలి.

ఆ తర్వాత 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. పేద దేశాల పరిశ్రమలు యంత్రాలు మార్చుకోవడానికి 1990లో నిధి కూడా పెట్టారు. ఫ్యాక్టరీకి నిధి, రైతుకు జరిమానా! ఇక్కడ థర్మల్ కేంద్రాలకు 2015 డిసెంబరులో పొగ పరిమితులు పెట్టి రెండేళ్లు గడువిచ్చారు. ఆ గడువు పదే పదే జరిగింది. 2004 నుంచి 2016 మధ్య కట్టినవాటికి నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితిని 300 మిల్లీగ్రాముల నుంచి 450కి సడలించారు కూడా.

మండల కమిటీలు ఈ నెల ఇచ్చే అర్జీల్లో ఇవి చేర్చాలి. వ్యవసాయ పరిశోధనా స్థానాలన్నింటిలో ఓజోన్ కొలిచే యంత్రం పెట్టి, అంకెలు తెలుగులో రైతుకు చెప్పాలి. ఆ నష్టాన్ని బీమాలో చేర్చాలి. థర్మల్ కేంద్రాలకు సడలించిన పరిమితిని మళ్లీ 300కు దించాలి. అర్జీ ఇచ్చినట్టు రసీదు తీసుకుని జిల్లా కమిటీకి పంపండి.