రైతు తన బాధకు ‘టీఎం-33’ అని పేరు పెట్టుకొని రాడు

ఇంటర్ దాకా సదివిన పోరగాడో పోరియో ఉన్న ఇల్లు ఇప్పుడు ఊర్లె సగం మీసేవ సెంటరే. చేతిల ఫోన్ కనవడితే సాలు, ‘బిడ్డా, జర గిది సూడు’ అనుకుంట ఒకరు రేషన్ కార్డు కాయితం పట్టుకొని వస్తరు, ఇంకొకరు పింఛన్ కాయితం. నాకూ ఈ పని తప్పలే. మొన్న మా వాడకట్టు అవ్వకు ఒక సర్కారు సైటుల దరఖాస్తు నింపిన. ముప్పావు గంట పట్టింది. ఫోటో 50 కేబీ లోపల ఉండాలంటది. తగ్గించి పెడితే మసకగున్నదంటది. ఓటీపీ ఏమో అవ్వ కొడుకు ఫోన్‌కు పోయింది, ఆయన భివండిల ఉన్నడు. ఫోన్ జేసి, నంబర్ అడిగి కొట్టేలోపల సైటు మమ్మల్ని మళ్ల మొదటి పేజీల పడేసింది. నింపినయన్ని పాయె. అవ్వ నా మొఖం దిక్కు సూసి, ‘నీకు రాదా బిడ్డా?’ అన్నది.

అసలు ముచ్చట ఇదే. సైటు బాగలేకుంటే దాన్ని కట్టినోన్ని ఎవరూ అడగరు. ‘నీకు రాదు’ అని వాడెటోన్నే అంటరు. వానిక్కూడ నిజంగనే నాకు రాదేమో అనిపిస్తది.

ధరణినే తీస్కోన్రి. 2020 అక్టోబర్ 29న మొదలైంది. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ రెండూ తహసీల్దార్ ఆఫీసుల ఒక్కతానే అయినయ్. మంచిని మంచి అనాలె, అమ్ముడు కొనుడు కాడ తిరుగుడు తగ్గింది. గని సైటు తెరిస్తే ముంగట వరుసగ మాడ్యూళ్లు. రైతు ఏమనుకుంట వస్తడు? ‘నా పేరు తప్పు పడ్డది’, ‘రెండెకరాలకు ఎకరంనరే ఎక్కింది’, ‘మా నాయిన సచ్చిపోయిండు, భూమి నా పేరు మీదికి రావాలె’ అని వస్తడు. సైటేమో ‘సక్సెషన్’ అంటది. ఊర్లె దాన్ని విరాసత్ అంటరు, పౌతి అంటరు. తప్పులు దిద్దుకునే దారి మొదట సక్కగ లేకుండె. తర్వాత టీఎం-33 అని ఒకటి తెచ్చిన్రు. గా నంబర్ ఆఫీసోళ్ల ఫైలుకు అక్కరొస్తది గని రైతుకెందుకు? గది తెలిసినోడు బజార్ల ఒక టేబుల్ ఏస్కొని కూసున్నడు. రైతుకు పైసలు పోయినయ్, ఒక దినం కైకిలి గూడ పోయింది.

ఇంకో సంగతి చాలమందికి పట్టలే. పాత పహాణీల అనుభవదారు కాలమ్ ఉండె. ధరణిల లేదు. ఉత్త కాలమే గదా అనుకోవచ్చు. ఆ డబ్బా తీసేసినంక, భూమి దున్నుతున్నా పట్టా లేనోడు రికార్డుల కనవడకుండ పోయిండు. స్క్రీన్ మీద ఏ డబ్బా ఉండాలె, ఏది ఉండొద్దు అనేది కంప్యూటరోళ్ల పని అనుకుంటం గని, అది పక్కా రాజకీయమే.

2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. 33 మాడ్యూళ్లను ఆరుకు తెచ్చినమన్నరు. సంతోషమే. గని నంబర్ తగ్గితే సాలదు. ఆ ఆరిట్ల నా బాధ ఏదో, చదువు అంతంతే ఉన్న మా కాక సొంతంగ గుర్తుపడుతడా లేడా అన్నదే నేను సూసేది.

తెలుగుల పెడితే అయిపోతదని కొందరంటరు. తెలుగు లేకుంటే ఏమైతదో కొవిన్‌ల సూసినం. 2021 మే 1 నుంచి 18 ఏండ్లు దాటినోళ్లు టీకాకు ఆన్‌లైన్ల నమోదు చేసుకోవాలన్నరు. సైటుల తెలుగు జూన్‌ల గని రాలే. కాబట్టి తెలుగు కావాల్సిందే. ఎసొంటి తెలుగు అన్నది గూడ అడగాలె. ‘సమర్పించుము’, ‘ధృవీకరించుము’ అంటే సదివినోడే తడబడుతడు.

బ్రిటన్‌ల 2012ల సర్కారు సైట్లన్నిట్ని జీఓవీ డాట్ యూకే అనే ఒక్క సైటు కిందికి తెచ్చుడు షురూ జేసిన్రు. వాళ్లు రాసుకున్న మొదటి సూత్రం, వాడెటోళ్ల అవసరం నుంచే మొదలువెట్టాలె అని. అవసరమంటే సర్కారుది గాదు, వచ్చినోళ్లది. పని తీరు గూడ మామూలుదే. సాదా మనుషుల్ని స్క్రీన్ ముంగట కూసోవెట్టి, ఎక్కడ ఆగుతున్నరో ఊకె సూస్తరు. ‘అది నొక్కు, ఇది నొక్కు’ అని చెప్పరు. ఆంధ్రల 2025 జనవరి 30న 161 సేవలతోని మన మిత్ర వాట్సప్‌ల వెట్టిన్రు. జనం ఎక్కడున్నరో అక్కడికే పోవాలన్న ఆలోచన నాకు నచ్చింది. టైప్ చేయరాని అవ్వకు అది ఎంత అక్కరొస్తదో, ఆమె పక్కన కూసొని సూస్తేనే తెలుస్తది.

ఇదేదో సౌలతు ముచ్చట అనుకునేటోళ్లు 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు సూడాలె. కేవైసీ చేసేటప్పుడు కండ్లు ఆర్పు అంటది యాప్. యాసిడ్ దాడిల కండ్లు దెబ్బతిన్నోళ్లు ఎట్ల ఆర్పాలె? వాళ్లే కోర్టుకు పోయిన్రు. చూపు లేనోళ్ల బాధ గూడ ఆ కేసుల విన్నరు. డిజిటల్ సేవలు అందుడు 21వ అధికరణం కింద బతికే హక్కుల భాగమే అన్నది కోర్టు, 20 ఆదేశాలు ఇచ్చింది. ఆ యాప్ కట్టినోడు కావాలని జేసిండని నేననుకోను. అసొంటి మనిషి దాన్ని వాడుతదన్న సోయి ఆనికి లేకపాయె. మన అవ్వల సంగతి గూడ గట్లనే ఉన్నది.

అందుకే ఊర్లె దరఖాస్తులు నింపే తమ్ముళ్లకు, చెల్లెండ్లకు ఒక మాట. సైటు ఆగిన కాడ స్క్రీన్‌షాట్ తీసిపెట్టున్రి. ఎన్నిసార్లు ఆగింది, ఎంతసేపు పట్టింది రాసుకోన్రి. సోమవారం కలెక్టరేట్ల ప్రజావాణి ఉంటది, ఆ కాయితం అక్కడ ఇయ్యున్రి. ‘పని కాలే’ అనకున్రి, ‘గిక్కడ ఆగింది’ అని సూపెట్టున్రి. కొత్త సైటు తెచ్చే ముంగట ఒక మండలంల, సిగ్నల్ సక్కగ రాని ఊర్లె, పగిలిన ఫోన్‌తోని పది మందికి ఇచ్చి సూడున్రి అని అడుగున్రి.

అవ్వ దరఖాస్తు రెండోసారి నింపితే ఎక్కింది. నిన్న సూస్తే ‘పెండింగ్’ అని ఉన్నది. ఎవరి దగ్గర పెండింగో మాత్రం రాసిలేదు.