కాపలా కుక్కకు గొలుసు చాలదు



ఈ నెల ఒక కుక్క సంగతి వ్రాస్తున్నాము. సంఘ పత్రికలో కుక్క ముచ్చట ఏమిటని కొందరు నవ్వవచ్చు. అయితే ఆసిఫాబాద్ చుట్టుపక్కల గ్రామాలలో ఇండ్లు దర్శించేటప్పుడు, చేనుకో మేకల దొడ్డికో కాపలాగా పెద్దజాతి కుక్కపిల్లను తెచ్చుకున్నవారు మాకు కనిపిస్తున్నారు. ఆరు నెలలు తిరగకముందే, "పాస్టరయ్యా, మా కుక్క మా మాటే వింటలేదు, ఏం జెయ్యాలె?" అని అడుగుతున్నారు. జవాబు చెప్పేముందు మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

కొన్నేండ్ల క్రితం మా ఇంటికి అల్సేషియన్ పిల్ల వచ్చింది. షేరు అని పేరు పెట్టాము. చిన్నగా ఉన్నప్పుడు అది మనుషుల మీదికి ఎగబడితే ముద్దు చేశాము. ఏడాదికల్లా ముందు కాళ్లెత్తితే మా భుజాలకు అందేంత ఎదిగింది. అప్పుడు అదే పనికి కర్ర తీసుకున్నాము. చివరికి జామచెట్టుకు గొలుసుతో కట్టేశాము. పొద్దంతా కట్టు మీద ఉండి అది మరింత మొండిదైంది.

ఒక బుధవారం సాయంకాలం ప్రార్థనకు వచ్చిన సహోదరి ఐదేండ్ల కొడుకు బంతి కోసం ఆ చెట్టు దగ్గరికి పోయాడు. షేరు వాని చెయ్యి పట్టింది, పండ్లు దిగాయి. ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోయాము. షేరుకు టీకా వేయించి ఉన్నా, పిల్లవానికి సూదులన్నీ డాక్టరు చెప్పిన తేదీలలో వేయించాము. (బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని పెద్దలు ఇంకా భయపడుతుంటారు. ఆ పాత టీకా ఇప్పుడు లేదు. నేటి సూదులు చేతికే వేస్తారు. పసరు మందులు నమ్మి ఆలస్యం చేయకండి. రేబిస్ లక్షణాలు బయటపడితే బ్రతకడం దాదాపు అసాధ్యం.) ఆ తల్లి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. కాని తరువాత కొన్ని వారాలు ప్రార్థనకు పిల్లవానిని తీసుకురాలేదు. అది మమ్మల్ని ఎక్కువ బాధించింది.

తప్పు ఎక్కడ జరిగిందో తరువాత తెలుసుకున్నాము. ఈ జాతి పుట్టింది గొర్రెల మందల దగ్గర. 1899లో జర్మనీలో మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ అనే ఆయన, కాపరుల వెంట పనిచేసే కుక్కలనుండి దీనిని అభివృద్ధి చేశాడు. పొద్దంతా మంద చుట్టూ తిరుగుతూ, కాపరి సైగ చూసి నడుచుకునే బుద్ధి దానిది. యోబు గ్రంథము 30వ అధ్యాయంలో కూడా మందలను కాచే కుక్కల ప్రస్తావన ఉన్నది. అటువంటి కుక్కను పని లేకుండా కట్టేస్తే ఆ తెలివి మొరగడానికి, తవ్వడానికి, కరవడానికి మళ్లుతుంది.

పశువైద్యుని సలహాతో మొదట వాకిట్లో ఒక మూల గట్టి కంచె వేశాము. బయటికి తీసినప్పుడు మూతికి బుట్ట కట్టాము. పిల్లల దగ్గర దానిని ఒంటరిగా ఎన్నడూ వదలలేదు. తరువాత శిక్షణ మొదలుపెట్టాము.

మొదట దిద్దుకోవలసినది మా మాటే. మా ఇంటామె "కూర్చో" అనేది, పెద్దవాడు "సిట్" అనేవాడు, చిన్నది "కూసో" అనేది. ఒకరు వద్దన్నది మరొకరు రానిచ్చేవారు. కుక్క ఎవరి మాట వినాలి? ఇంటిల్లిపాది కూర్చుండి నాలుగు మాటలు ఖాయం చేసుకున్నాము: కూర్చో, ఆగు, రా, వదులు. పోలీసు శాఖలో కూడా ఒక్కో కుక్కను ప్రత్యేకంగా ఒక మనిషికి అప్పగించి, నెలల తరబడి ఇద్దరికీ కలిపే శిక్షణ ఇస్తారు.

కూర్చోబెట్టడానికి చిన్న రొట్టెముక్కను దాని ముక్కుమీదుగా వెనక్కి తీసుకుపోతే తల పైకెత్తి నడుము తానే దించుతుంది. దించిన క్షణమే మెచ్చుకొని ముక్క ఇవ్వాలి. ఆలస్యమైతే దేనికిచ్చామో దానికి తెలియదు. మీదికి ఎగబడితే కొట్టక, తిట్టక, వెనక్కి తిరిగి నిలబడాలి. నాలుగు కాళ్లూ నేలమీద పెట్టినప్పుడే పలకరించాలి. పగ్గం లాగితే మనం ఆగిపోవాలి, వదులైనప్పుడు నడవాలి. పూటకు పది నిమిషాలు చాలు. మన ఎండాకాలంలో తెల్లవారుజామున, పొద్దుగూకినాక మాత్రమే చేయించాలి. ఆ మందపు బొచ్చుకు వడదెబ్బ త్వరగా తగులుతుంది.

తరువాత దానికి పని ఇచ్చాము. వాకిట్లో దాచిన గుడ్డముక్కను వాసనతో వెతికించాము. అరగంట వెతికితే పొద్దంతా నెమ్మదిగా పడుకునేది. కర్ర మాత్రం మానేశాము. దెబ్బలకు కుక్క గుర్రుమనడం మానుతుందేగాని భయం మానదు. అటువంటి కుక్క హెచ్చరిక లేకుండానే కరుస్తుంది.

కొత్తగా తెచ్చుకునేవారు రెండు నెలలు నిండకముందే పిల్లను తల్లినుండి విడదీయకండి. మూడు నెలలకు రేబిస్ టీకా, తరువాత పశువైద్యుడు చెప్పిన ప్రకారం ఏటేటా వేయించండి. ఉల్లిగడ్డ వేసిన కూర, ఉడికిన ఎముకలు పెట్టకండి. రోజూ గంటసేపు దానికి కేటాయించలేనివారు ఊరకుక్కపిల్లతో తృప్తిపడటం మేలు.

నాలుగు నెలల తరువాత ఆ బాలుడు తల్లి కొంగు పట్టుకొని మళ్లీ వచ్చాడు. కంచె లోపల షేరు లేచింది. "కూర్చో" అన్నాము. కూర్చున్నది. వాడు దూరంనుండే చూసి లోపలికి పోయి, అందరితో పాట పాడాడు. దగ్గరికి పొమ్మని మేము అనలేదు, అనకూడదు కూడా. వాని చేతిమీద మచ్చ ఇంకా ఉన్నది. అది కుక్క పంటి గుర్తే అయినా, దానికి కారణం మా అశ్రద్ధ.

సామెతలు 12వ అధ్యాయంలో, నీతిమంతుని లక్షణాలలో పశువుల యెడల శ్రద్ధ కూడా చెప్పబడింది. మన వాకిట్లో కట్టి ఉన్న మూగప్రాణిని ఈ సాయంకాలమే ఒకసారి చూడండి. గొలుసు విప్పేముందు ఇంటివారంతా ఒక మాట మీదికి రండి.

ప్రభువు మీ ఇండ్లను, మీ పిల్లలను కాపాడును గాక.