హాజరు పట్టీ బయటికి తీయాలి

2021 ఏప్రిల్ 17న నాగార్జునసాగర్ ఉప ఎన్నిక పోలింగ్ జరిగింది. ఆ రోజు ఓటు కోసం పని మానిన వారికి, రోజుకూలీలైనా సరే, యజమాని కూలి చెల్లించాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 135బి సెక్షన్ చెబుతోంది. చెల్లించని యజమానికి జరిమానా మహా అయితే 500 రూపాయలు. హమాలీ ఒక రోజు కూలికి అటూఇటూగా ఉండే ఈ మొత్తానికి జడిసే బియ్యం మిల్లు యజమాని ఆ నియోజకవర్గంలోని హాలియాలోనే కాదు, ఎక్కడా ఉండడు. కష్టజీవి సెలవు జీతాన్ని మన వ్యవస్థ ఎంత తేలిగ్గా తీసుకుందో ఈ అంకె చూస్తే తెలుస్తుంది.

నిజానికి చట్టానికి లోటు లేదు. ఏడాదిలో 240 రోజులు పనిచేసిన కార్మికుడికి ప్రతి 20 రోజుల పనికి ఒక రోజు జీతంతో కూడిన సెలవు ఇవ్వాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు ఆ 240ని 180కి తగ్గించాయి. వాడుకోని సెలవుకు ఏడాది చివర అడిగితే డబ్బు ఇవ్వాలి. కొలువు వదిలేస్తే రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. రోజుకు 500 చొప్పున 240 రోజులు పనిచేసిన మనిషికి ఈ సెలవు జీతం 12 రోజుల కూలి, అంటే 6,000 రూపాయలు. మిర్యాలగూడ, హాలియా, కోదాడ మిల్లుల్లో ఈ డబ్బు ఎంతమంది చేతికి వస్తోంది? చాలాచోట్ల ఒక రోజు నాగా అయితే ఆ రోజు కూలి పోయినట్టే. గుమస్తా చిట్టాలో ఎవరు ఎన్ని బస్తాలు మోశారో, ఎవరు ఎంత అడ్వాన్సు తీసుకున్నారో పైసాతో సహా ఉంటుంది. అధికారికి చూపే రిజిస్టరులో మాత్రం మనిషి పేరే ఉండదు. పేరు లేనివాడికి 180 రోజులు ఎలా నిండుతాయి? సెలవు జీతం ఎగవేత మొదలయ్యేది ఇక్కడే.

మిల్లు సీజను వ్యాపారమని, లాభం అంతంతమాత్రమని యజమానులు అంటారు. వానాకాలం, యాసంగి రెండు పంటల ధాన్యం ఆడించే మిల్లులో 180 రోజులు నిండని వారు కొందరు ఉండవచ్చు. నిండినవారికి ఎగ్గొట్టడానికి అది సాకు కాదు. ఇరవైకి ఒకటి అంటే కూలి ఖర్చులో ఐదు శాతం. ఆ ఐదు శాతం మిగుల్చుకుంటేనే నడిచే మిల్లు కార్మికుడి సొమ్ముతో నడుస్తున్నట్టే. బస్తా లెక్కన పనిచేసేవారికి సెలవేమిటన్నది మరో వాదన. రోజువారీ సగటు సంపాదన లెక్కగట్టి సెలవు జీతం ఇవ్వాలని పాత చట్టమే దారి చూపింది. ముఠా మేస్త్రీకి అప్పగించామంటే కూడా కుదరదు, కాంట్రాక్టరు ఇవ్వకపోతే అసలు యజమానే ఇవ్వాలి. పదిమంది లేని చిన్న మిల్లులకు ఈ సెలవు నిబంధన వర్తించదన్నది మాత్రం నిజమే.

కార్మికుడే వచ్చి ఫిర్యాదు చేయవచ్చు కదా అనేవారు మర్నాడు అతనికి పని ఎవరిస్తారో కూడా చెప్పాలి. బీహార్ నుంచి వచ్చి మిల్లు ఆవరణలోనే తలదాచుకునే కూలీకైతే పనితో పాటు గూడూ పోతుంది. కార్మిక కోడ్‌లపై సంఘాలు లేవనెత్తిన అభ్యంతరాలు చాలావరకు సబబైనవే. అయినా వాటిలోని వేతనాల కోడ్ 59వ సెక్షన్‌ను వాడుకోకుండా వదిలేయడం తెలివి కాదు. కూలి ఎగ్గొట్టారని దావా పడితే చెల్లించామని రుజువు చేసుకోవాల్సింది ఇక యజమానే. దావా కూడా కార్మికుడే వేయనక్కర్లేదు. అతను సభ్యుడిగా ఉన్న రిజిస్టర్డ్ సంఘం వేయవచ్చు, తనిఖీ అధికారి తానే వేయవచ్చు. అందుకే ఫిర్యాదు కోసం ఎదురుచూడడం మాని కార్మిక శాఖ మిల్లుల్లో హాజరు పట్టీని, గుమస్తా చిట్టాను పక్కపక్కన పెట్టి సరిచూడాలి. నియామక పత్రం లేని ప్రతి పేరునూ రాసుకుని, బకాయి తేల్చి, అధికారే దావా వేయాలి. దావాకు గడువు మూడేళ్లే కనుక తనిఖీ ఆలస్యమయ్యే కొద్దీ పాత బకాయిలు చేజారిపోతాయి. వచ్చే పంట ధాన్యం కాంటాకెక్కే లోపే ఈ పని మొదలుకావాలి.