క్రొవ్వొత్తి వెనుకనున్న కనబడని కృషి

మన పాఠశాలలలో హస్తకళా ప్రదర్శనములు జరుగునప్పుడు బల్లలపై తెల్లని గుడ్డ పరచి, బాలబాలికలు చేసిన వస్తువులను వరుసగా నమర్చుట ఆచారము. వానిలో క్రొవ్వొత్తులు తరచుగా నుండును. చూడవచ్చిన పెద్దలు నునుపైన దానిని, రంగు బాగుగా కుదిరిన దానిని చేతబట్టుకొని మెచ్చుకొందురు. పరీక్షకులును దానికే మొదటి బహుమానము నిత్తురు. అయితే దానిని వెలిగించి చూచువారు మాత్రము మిక్కిలి అరుదు. వెలుగిచ్చుటకై చేయబడిన వస్తువును వెలిగింపకయే తీర్పు చెప్పుట న్యాయమా? ఈ ప్రశ్నపై మా యభిప్రాయమును విద్యార్థుల యెదుటను, వారి తలిదండ్రుల యెదుటను, మా తోడి యుపాధ్యాయుల యెదుటను నుంచుచున్నాము.

క్రొవ్వొత్తి యను మాటలోనే దాని చరిత్ర యిమిడియున్నది. క్రొవ్వు, వత్తి యను రెండు మాటలు కలిసి యది యేర్పడినది. పూర్వము పశువుల క్రొవ్వును కరగించి, వడగట్టి, అందులో వత్తిని ముంచి యీ వస్తువును చేసెడివారు. నేడు మనము వాడునది చాలవరకు క్రొవ్వు కాదు. ముడి చమురునుండి తీయబడు పారఫిన్ మైనము. వస్తువు మారినను పేరు మారలేదు. అట్లే పనిలోని మర్మమును మారలేదు. మైనమునకును వత్తికిని పొత్తు కుదురవలయును. కుదిరినదా లేదా యని తెలిసికొనుటకు వెలిగించి, కడవరకు కాల్చి చూచుట తప్ప వేరు మార్గము లేదు.

ఈ పొత్తు సంగతి మన యిండ్లలో ఆముదపు ప్రమిదలు వెలిగించిన అవ్వలకు చక్కగా తెలియును. వత్తి సన్నమైనచో దీపము మినుకుమినుకు మనును. లావైనచో మసి విడుచును. వారు ప్రత్తిని వ్రేళ్లతో నలిపి, ప్రమిదకు తగిన లావున వత్తి చేయుచుండిరి. క్రొవ్వొత్తిలో చిక్కు మరికొంత హెచ్చు. నూనె ముందే ద్రవముగా నున్నది. మైనమునైతే జ్వాలయే తన వేడిమిచే కరగించుకొనవలయును. అట్లు కరగిన మైనము వత్తిలోని సన్నని సందులగుండ పైకెక్కి, వేడికి ఆవిరియై, ఆ యావిరి మండును. క్రొవ్వొత్తి నార్పిన వెంటనే వత్తినుండి తెల్లని పొగవంటి ధార యొకటి పైకి లేచును. ఆ ధారకు నిప్పు చూపినచో మంట దాని వెంట దిగివచ్చి వత్తిని మరల చేరును. మైకేల్ ఫారడే పండితుడు 1860–61వ సంవత్సరపు క్రిస్మసు దినములలో లండనునందలి రాయల్ ఇన్‌స్టిట్యూషనులో, బాలబాలికల కొరకు, కేవలము క్రొవ్వొత్తి నాధారముగా జేసికొని ఆరు ఉపన్యాసములు చేసెను. మొదటి యుపన్యాసమున క్రొవ్వొత్తులను చేయు విధానములను వివరించిన పిమ్మటనే ఆయన జ్వాలయొక్క శాస్త్రములోనికి పోయెను. చేతిపనిని ఆయన తక్కువగా నెంచలేదు.

ఇక చేయు విధమును చూతము. మైనమును పొయ్యిమీద నేరుగా కరగింపరాదు. నీరు పోసిన వెడల్పాటి గిన్నెలో మైనపు గిన్నె నుంచి, ఆ నీటి వేడిచేతనే కరగింపవలయును. మైనము మితిమీరి కాగినచో దాని యావిరి యంటుకొనును. అట్టి మంటపై నీరు చల్లినచో నీరొక్కసారిగా ఆవిరియై మండుచున్న మైనమును నలుదెసల చిమ్మును. కావున మూతవేసి, గాలి యాడకుండ జేసి యార్పవలయును. ఈ సంగతి తెలియని బాలుని మైనపు గిన్నెయొద్దకు పోనీయరాదు.

ముంచి చేయు పద్ధతిలో మొదట వత్తిని మైనములో నుంచి, దానినుండి గాలి బుడగలు వచ్చుట మానువరకు నాననీయవలయును. పిదప తీసి, తిన్నగా సాగదీసి, ఆరనిచ్చి, మరల మరల ముంచుచు రావలయును. ఒక్క క్రొవ్వొత్తికి ఇరువది ముప్పది సారులు ముంచవలసి వచ్చును. మైనము మిక్కిలి వేడిగా నున్నచో, క్రొత్త పొర చేరుటకు బదులు వెనుకటి పొరయే కరగిపోవును. చల్లబడినచో గడ్డలు గట్టును. ముంచిన చేయి తడసినను చెఱుపే, తొందరపడినను చెఱుపే. అచ్చులలో పోయు పద్ధతియందు మరియొక చిక్కు గలదు. పారఫిన్ చల్లారునప్పుడు కుంచించుకొనును. వత్తిచుట్టును గుంట పడును. కొన్ని సమయములందు లోపల కనబడని బోలు ఏర్పడును. అందువలన సగము చల్లారిన పిదప సన్నని పుల్లతో పొడిచి, రెండవసారి మైనము పోయవలయును. అట్లు చేయని క్రొవ్వొత్తి పైకి ముత్యమువలె మెఱయవచ్చును. కాలుచు ఆ బోలువరకు వచ్చునప్పటికి దాని గుట్టు బయటపడును.

ఇంతవరకు చెప్పినది చేయుట మాత్రమే. అసలైన పని దీని తరువాత వచ్చును. ఒకే మైనము, ఒకే అచ్చు తీసికొని, మూడు తరగతుల లావుగల వత్తులతో మూడు క్రొవ్వొత్తులు చేయవలయును. వానిని గాలి తగలని చోట నొక్కసారిగా వెలిగింపవలయును. వెలిగించుటకు ముందు తూచి, గంట గంటకు ఆర్పి మరల తూచినయెడల గంటకెంత మైనము ఖర్చగుచున్నదో తెలియును. జ్వాల యెత్తెంత, వత్తి కొన కుక్కగొడుగువలె తలకట్టుచున్నదా, పైన పట్టిన తెల్లని పింగాణి పళ్లెమునకు మసి యంటుచున్నదా, మైనము ప్రక్కలకు కారుచున్నదా, లేక వత్తిచుట్టును మాత్రమే కరగి నడుమ బావివలె గుంట పడుచున్నదా యని వ్రాసికొనవలయును. ఒక్కొక్క క్రొవ్వొత్తి ఆరు గంటలు కాలునదైనచో ఆ యారు గంటలును కనిపెట్టియుండవలయును. మైనమును మార్చినచో పరీక్ష లన్నియు మొదటికి వచ్చును. రెండు మైనములు, మూడు వత్తులు తీసికొన్నచో ఆరు క్రొవ్వొత్తులు కాలి బూడిద కావలయును. ఒకసారి కొక్క సంగతినే మార్చవలయునను నియమమును పాటింపనిచో, ఫలము దేనివలన వచ్చినదో తెలియదు.

మన తెలుగుదేశపు ఎండలు ఈ పరీక్షకు మరియొక పత్రమును చేర్చినవి. డిసెంబరు నెలలో నిటారుగా నిలిచిన క్రొవ్వొత్తి, మే నెలలో నలువది డిగ్రీలు దాటిన గదిలో మెడ వాల్చును. మైనము కరగుటకు చాల ముందే మెత్తబడును గదా! అందుచే ఎక్కువ వేడికి కరగు పారఫిన్ నెన్నుకొనుటయో, 69 డిగ్రీల సెంటిగ్రేడు దాపున కరగు స్టియరిక్ ఆమ్లమును కొంత కలిపి గట్టిపఱచుటయో చేయుదురు. కాని గట్టిబడిన మైనమునకు పాత వత్తి సరిపోకపోవచ్చును. మరల పరీక్షయే శరణ్యము. చలిదేశపు పుస్తకమందలి కొలతలు గుంటూరులోను, కడపలోను అట్లే సాగునని నమ్ముటకు వీలులేదు.

పూర్వుల చరిత్రయు నీ మాటనే చెప్పును. ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు షెవ్రల్, గే-లూసాక్‌తో గూడి, క్రొవ్వునుండి తీసిన గట్టి యామ్లములతో క్రొవ్వొత్తులు చేయుటకు 1825వ సంవత్సరమున హక్కు పత్రమును పొందెను. శాస్త్రము సరియైనదే, అయినను వ్యాపారము సాగలేదు. కొన్ని యేండ్ల తరువాత ద మిల్లీ యనునాతడు సున్నముతో పని నడపు సులువును కనిపెట్టిన పిమ్మటనే ఆ క్రొవ్వొత్తులు జనుల యిండ్లకు చేరెను. ఆ కాలముననే కాంబాసెరే యను మరియొక ఫ్రెంచివాడు వత్తిని పేనుటకు మారుగా జడవలె నల్లించెను. అల్లిన వత్తి కాలుచు ప్రక్కకు వంగి, కొన జ్వాలయంచున తానే కాలిపోవును. అంతకుముందు మాటిమాటికి కత్తెరతో వత్తి కొనను కత్తిరించుచుండవలసి వచ్చెడిది. నేడు మన క్రొవ్వొత్తియొద్ద కత్తెర లేకుండుట ఎవ్వరును గమనింపరు. మంచి కృషి యొక్క గుణమే యది. ఫలించిన పిమ్మట కంటికి కనబడదు.

క్రమముగా కాల్చి తూచిన క్రొవ్వొత్తి లోకమున కొక కొలతగా గూడ నిలిచినది. 1860వ సంవత్సరమున ఆంగ్లదేశపు శాసనమొకటి, వాయుదీపముల వెలుగును కొలుచుటకు, తిమింగిలపు తలనుండి తీయు స్పెర్మసేటీ మైనముతో చేసి, పౌనుకు ఆరు చొప్పున తూగుచు, గంటకు 120 గ్రెయినులు, అనగా సుమారు 7.8 గ్రాములు, కాలు క్రొవ్వొత్తిని ప్రమాణముగా నేర్పఱచినది. ఆ ప్రమాణము నేడు లేదు. కాని వెలుగు తీవ్రతకు 1948లో ప్రపంచ దేశము లంగీకరించిన మానమునకు క్యాండెలా యను పేరే నిలిచినది. లాటిను భాషలో దాని యర్థము క్రొవ్వొత్తియే.

పరీక్షింపని పనివలన గలుగు కీడునుగూడ చెప్పవలసియున్నది. వత్తి నిటారుగా నిలుచుటకై కొందరు దాని నడుమ సన్నని సీసపు తీగె నుంచెడివారు. అది కాలునప్పుడు సీసము గాలిలో కలిసి పిల్లల దేహములకు హాని చేయును. అమెరికాలో 2003వ సంవత్సరమున అట్టి వత్తులను నిషేధించిరి. కొనువాని కంటికి ఆ తీగె కనబడునా? కనబడదు. క్రిస్మసు రాత్రి ఆరాధనలో పసిపిల్ల చేతిలో నుంచిన క్రొవ్వొత్తి చుక్కలుగా కారి చేయి కాల్చునా కాల్చదా యనునదియు పైరంగు చూచి తెలియదు. దానిని చేసినవాడు మరియొక దానిని ముందుగా కాల్చి చూచియుండవలయును. ఆతని మనస్సాక్షియే మన బిడ్డకు కాపు.

ఇక మా ప్రతిపాదన. పాఠశాలలో క్రొవ్వొత్తికి పది మార్కులున్నచో నాలుగు రూపమునకును, మూడు కాలు తీరునకును, మూడు పరీక్షల పుస్తకమునకును ఇయ్యవలయును. ప్రదర్శనపు బల్లపై మంచి క్రొవ్వొత్తి ప్రక్కనే, దానికొరకు కాలిన తునకలను, వంగినదానిని, గుంటపడినదానిని గూడ పేరు వ్రాసి యుంచవలయును.

దీనికి రెండు ఆక్షేపణలు వినబడును. మొదటిది, మైనమును కాలమును వ్యర్థమగునని. చెడిన క్రొవ్వొత్తిని మరల కరగింపవచ్చును. కాలిన మైనము మాత్రము తిరిగి రాదు, నిజమే. కాని ఆరు చిన్న క్రొవ్వొత్తుల వెలకు ఒక తరగతి యంతయు నేర్చుకొను పాఠము తక్కువది కాదు. రెండవ యాక్షేపణ బలమైనది: పిల్లలు పరీక్ష చేయకయే పుస్తకములో అంకెలు వ్రాయుదురని. ఇది మన విజ్ఞానశాలలలో నున్న పాత రోగమే. జవాబు ముందు తెలిసికొని, దానికి సరిపడు అంకెలను వెనుకకు లెక్కించి వ్రాయుట యెన్నో పాఠశాలలలో కలదు. దీనికి పిల్లలను మాత్రమే నిందించుట తగదు. సరియైన జవాబునకే మార్కు లిచ్చి, తప్పిన ప్రయత్నమునకు సున్న చుట్టుచు, వారు తప్పిన ప్రయత్నమును దాచినారని కోపించుట యెట్లు? దాచుటను మనమే నేర్పుచున్నాము. క్రొవ్వొత్తి యీ రోగమునకు మంచి మందు. పుస్తకములోని మాట నిజమో కాదో తేల్చుటకు ఉపాధ్యాయునికి ఒక్క అగ్గిపుల్ల చాలును.

తలిదండ్రులకును ఒక మనవి. చేతితో చేసిన క్రొవ్వొత్తి నమ్మువారియొద్ద, యంత్రపు సరకు ధరతో పోల్చి బేరమాడునప్పుడు, దానికై మున్ను కాలిన క్రొవ్వొత్తులను గూడ లెక్కింపుడు. ధర యొక్కటే యడుగక, దీనిని కడవరకు కాల్చి చూచితివా యని యడుగుడు. చూచినవాడు సంతోషముతో వివరించును. చూడనివాడు మరునాటికైనను చూచును.

విద్యార్థులారా, విద్యుద్దీపములు వెలుగు నేటి దినములలో క్రొవ్వొత్తితో జీవనము చేయుడని మేము చెప్పుట లేదు. మీలో నొకరు వంతెన కట్టవచ్చును, ఒకరు మందు చేయవచ్చును, ఒకరు బడిలో పాఠము చెప్పవచ్చును. ఆ వంతెనను దాటువారు గాని, ఆ మందును త్రాగువారు గాని మీ పరీక్షల పుస్తకమును చూడబోరు. అయినను వారి క్షేమము అందులోనే యుండును. కనబడని యా పుస్తకమును నిజముగా వ్రాయు నలవాటు బడిలోనే, ఆరు క్రొవ్వొత్తుల ఖర్చుతోనే, మీకు అలవడవలయునని మా కోరిక.