సెక్టార్ల మధ్య ఊరు

నవీ ముంబయిలో మన తెలుగువాళ్ళు చాలామంది స్థిరపడ్డారు. అడ్రసు అడిగితే సెక్టార్ నంబరు చెబుతాం. వాశీ, నెరూల్, ఘన్సోలీ మనకు రైల్వే స్టేషన్ల పేర్లు. కానీ అవి ఊళ్ళ పేర్లు. ఆ ఊళ్ళు ఇంకా ఆ సెక్టార్ల మధ్యే ఉన్నాయి.

1970లో సిడ్కో ఏర్పడింది. కొత్త నగరం పరిధిలోకి 95 గ్రామాలు వచ్చాయి. వరి పండించి, ఉప్పు మళ్ళు చేసి, ఖాడీలో చేపలు పట్టి బతికిన ఆగ్రీ, కోళీ కుటుంబాల ఊళ్ళవి. పొలాలు పోయాయి. ఇళ్ళున్న గావ్‌ఠాణ్, అంటే మన గ్రామకంఠం, మిగిలింది. నగరం పెరిగింది గాని ఊరి హద్దు పెరగలేదు. కొడుకులకు పెళ్ళిళ్ళయి వేరు కాపురాలు పెట్టాలంటే చోటేది? ఒకప్పటి సొంత పొలంలోనే ఇల్లు కట్టుకున్నారు. కాగితాల్లో అది అక్రమ కట్టడం!

న్యాయమైన పరిహారం కోసం డి.బి. పాటిల్ నాయకత్వంలో వారు పోరాడారు. 1984 జనవరిలో జాసయి, దాస్తాన్ దగ్గర పోలీసు కాల్పుల్లో అయిదుగురు చనిపోయారు. సేకరించిన భూమిలో పన్నెండున్నర శాతం ప్లాట్లుగా తిరిగిచ్చే పథకం ఆ పోరాటం వల్ల వచ్చిందే. అయితే ఎంత పొలం పోతే అంత వాటా. పరాయి పొలంలో నాట్లు వేసిన కూలీకి ఆ లెక్కలో ఏం వస్తుంది?

“డబ్బిచ్చారు కదా, ఇంకేమిటి?” అని మన యువకులే అంటుంటే వింటున్నాం. అహాబు కూడా నాబోతుకు డబ్బిస్తానన్నాడు, అంతకంటే మంచి ద్రాక్షతోట ఇస్తానన్నాడు. నాబోతు అడిగింది ధర కాదు. అది పితరుల స్వాస్థ్యం.

ఊళ్ళో లేచిన ప్రతి అంతస్తూ అవసరం కొద్దీ కట్టిందేనని మేము అనము. బిల్డర్ల ఆశ కూడా అందులో ఉంది. కానీ నోటీసు వచ్చేటప్పుడు రెంటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. కుటుంబం ఉంటున్న ఇంటిని క్రమబద్ధం చేయాలన్న ఊరివారి కోరికను మన సంఘాలు సమర్థించాలి. కొత్తగా ఈ నగరానికి వచ్చిన మనవాళ్ళు ఎందరికో చౌకగా గది దొరికింది ఆ ‘అక్రమ’ అంతస్తుల్లోనే. ఇప్పుడు ఫ్లాటు కొనుక్కుని, ఆ ఇరుకు సందుల్ని చూసి ముక్కు మూసుకుంటున్నాం.

నవీ ముంబయి యువతీ యువకులారా, మీ సెక్టార్ పక్కనున్న ఊరికి వెళ్ళండి. దాని పొలాలు ఎక్కడిదాకా ఉండేవో పెద్దల నోట విని, రాసి పంపండి. వచ్చే సంచికల్లో ప్రచురిస్తాం.