అప్పు లేని క్రిస్మస్ చేద్దాం

సంఘ కాపరులకు, పెద్దలకు, స్త్రీల సమాజాలకు, యవ్వనస్థులకు ఒక విజ్ఞప్తి.

ఇంటి మీద స్టార్ వెలగకముందే బట్టల దుకాణాల ప్రకటనలు వెలుగుతున్నాయి. డిసెంబరు మొదటి వారం నుంచే సెమీ క్రిస్మస్‌లు మొదలవుతాయి. స్టేజీ, లైటింగు, సౌండు, ఫ్లెక్సీలు, కేకు, బిర్యానీ, వేదిక మీద నాయకులు. సంతోషమే. ఆ సంతోషం ఖరీదు మన సంఘాల్లో ఎవరు కడుతున్నారో ఒక్కసారి చూడమనే ఈ విజ్ఞప్తి.

మనలో చాలామంది కూలినాలి చేసుకునేవాళ్లు. ఇంటిల్లిపాదికీ బట్టలు, పిండివంటలు, చుట్టాలకు విందు, క్యారల్స్‌కు వచ్చినవాళ్లకు కానుక, సంఘం చందా అన్నీ ఒకే నెలలో మీద పడతాయి. చేతిలో లేకపోతే పొదుపు గ్రూపులో అప్పుగానో, బయట వడ్డీకో తెస్తారు. పండగ ఒక్కరోజులో అయిపోతుంది, వాయిదాలు ఉగాది దాటినా తీరవు. అప్పు కూడా పుట్టని ఇల్లు, ఒంట్లో బాగాలేదని చెప్పి ఆ రోజు ఆరాధనకే రాదు.

కొత్త బట్టలు వద్దని నేననను. ఏడాదికొక్కసారి కొత్త బట్ట కట్టే ఇంటికి ఆ బట్ట ఒక గౌరవం. దాన్ని తక్కువ చేసే హక్కు బీరువా నిండా చీరలున్నవాళ్లకు లేదు. ఆ బట్ట లేకపోతే చర్చి గుమ్మం ఎక్కలేమనే పరిస్థితి వచ్చిందే, నా బాధ అది.

మనం ఎవరి పుట్టుక పండగ చేస్తున్నామో లూకా సువార్తలో చూడండి. ధర్మశాస్త్రం ప్రకారం బాలింత గొర్రెపిల్లను అర్పించాలి. కొనలేనివాళ్లు రెండు గువ్వలో, రెండు పావురపు పిల్లలో తెస్తే చాలు. మరియ, యోసేపు బిడ్డను దేవాలయానికి తెచ్చినప్పుడు వాళ్ల అర్పణ ఆ పక్షులే. అప్పు చేసి గొర్రెపిల్లను కొనలేదు. కొనమని దేవుడు అడగనూ లేదు. తన కుమారుణ్ణి బీదింటికి పంపినవాడి పేరు చెప్పి బీదింటిని ఇరుకున పెట్టడం ఏం భక్తి?

మన సంఘాల చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న మాదిగ కుటుంబాలకు కూలి ఇప్పించాడు. బియ్యం కోసం క్రైస్తవులయ్యారన్న మాట రాకూడదని, ఆ సాయం సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. పంచడానికి ఇక డబ్బు లేదని తెలిశాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మెదక్ చర్చిది కూడా ఇలాంటి కథే. కరువు రోజుల్లో మిషనరీ ఛార్లెస్ వాకర్ పోస్నెట్ పేదలకు పనీ తిండీ ఇస్తూ కట్టించిన గుడి అది. పదేళ్ల పని ముగిసి 1924 డిసెంబరు 25న, క్రిస్మస్ నాడే, దాన్ని ప్రతిష్ఠించారు. పేదవాడికి పని చూపించి ఎదిగిన సంఘాలు, పండగ పేరుతో అతని మీద భారం వేయడం తగునా?

‘తగ్గించి చేస్తే ఊళ్లో చులకనైపోతాం’ అంటారు కొందరు. ఆ మాట వెనక తరాల అవమానం ఉంది, కాబట్టి తేలిగ్గా తోసెయ్యలేను. కానీ మన తాతముత్తాతలు నలుగురిలో తలెత్తుకున్నది చదువుతో. మిషన్ బడి, బోర్డింగు, ఆస్పత్రి వాళ్లను నిలబెట్టాయి. వంద ఫ్లెక్సీలు కట్టినా ఆ గౌరవం రాదు.

అందుకే ఈ ఏడు కొన్ని పనులు చేద్దాం.

కాపరులారా, ఆగమన కాలపు నాలుగు ఆదివారాల్లో ఒక ఆదివారమైనా పండగ అప్పు గురించి వాక్యం చెప్పండి. అప్పు చేయకపోతే దేవుడు చిన్నబుచ్చుకోడని పుల్పిట్ మీద నుంచి మీరు చెబితేనే జనం నమ్ముతారు. కానుకలు ఇచ్చినవాళ్ల పేర్లు, మొత్తాలు మైకులో చదివే అలవాటు ఉంటే మానండి.

సంఘ పెద్దలారా, సెమీ క్రిస్మస్ ఒకటి చాలు. స్టేజీకి ఎంతయింది, విధవరాళ్లకు, రోగులకు ఎంత వెళ్లింది, రెండు లెక్కలూ సంఘం ముందు చదవండి.

సండే స్కూల్ టీచర్లారా, యాక్షన్ సాంగ్ కోసం ఒకే రంగు డ్రస్సు కొనుక్కు రమ్మని పిల్లలకు చెప్పకండి. ఉన్న బట్టల్లోనే గొర్రెల కాపరులు, జ్ఞానులు తయారవుతారు.

యవ్వనస్థులారా, కానుక ఎక్కువ వచ్చే వీధులకే క్యారల్స్ తీసుకెళ్లకండి. ఆస్పత్రి వార్డుకు, ఒంటరి ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి, డబ్బా చాపకుండా పాడి రండి.

చీరలు, దుప్పట్లు పంచే దాతలారా, ఫొటోలు వద్దు. శాంతాక్లాజ్ కథకు మూలమైన మైరా బిషప్పు నికొలాసు, రాత్రిపూట ఎవరికీ తెలియకుండా పేదింట్లో బంగారం జారవిడిచాడని చెప్పుకుంటారు. ఆయన టోపీ పెట్టుకుని, ఇచ్చిన దుప్పటికి ఫ్లెక్సీ వేయించుకోవడం ఏం బాగుంటుంది?

విదేశాల నుంచి సొంతూరి సంఘానికి పండగ డబ్బు పంపే బిడ్డలారా, అందులో సగం ఫలానా పిల్ల కాలేజీ ఫీజుకనో, ఫలానా పెద్దాయన మందులకనో చెప్పి పంపండి.

పండగ కమిటీ కూర్చునే రోజున, సంఘంలో అందరికంటే లేని ఇంటి ఆమెను కూడా పిలిచి కుర్చీ వేయండి. ఖర్చులు ఒక్కొక్కటే ఆమె ముందు చదవండి. ‘ఇంతైతే మేమూ కలుస్తామయ్యా’ అని ఆమె ఎక్కడ అంటే, ఈ ఏటి క్రిస్మస్ లెక్క అక్కడే ఆపండి.

క్రీస్తునందు,
మీ తోటి విశ్వాసి